బఫర్‌కి లక్షా నూట పదహార్లు

రాజాంలో మా ఆయన సైకిల్ షాపుకి ఆనుకుని నాకొక చిన్న గది ఉండేది. కంప్యూటర్లు బాగుచేసేదాన్ని. ఆడదాని చేతిలో స్క్రూడ్రైవర్ చూసి నవ్వినవాళ్లందరూ, తమ కంప్యూటర్ మొరాయించిన రోజున ఆ నవ్వు దిగమింగుకుని నా గుమ్మంలో నిలబడేవారు. నాకు కోపం ఎక్కువని ఊరందరికీ తెలుసు. అయినా నన్నే పిలిచేవారు. రెండో మనిషి కావాలంటే విజయనగరం నుంచి రావాలి, ఆయన రేపు మాపు అంటూ వారం లాగించేవాడు.

ఇది రెండు వేల పది దాటిన కొత్తల్లో జరిగింది. అప్పటికి మా ఊళ్లో ఇంటర్నెట్ అంటే టెలిఫోన్ తీగలో వచ్చేదే. ఊళ్లోని ఒక ధాన్యం షావుకారు గారు తన అల్లుడి చేత స్కానింగ్ సెంటర్ పెట్టించారు. తల స్కానింగ్ తీసే మిషన్ మా చుట్టుపక్కల అదొక్కటే. మిషన్ అయితే కొన్నారు గానీ, ఆ బొమ్మలు చూసి లోపల ఏముందో చెప్పే డాక్టర్ని తెచ్చి రాజాంలో కూర్చోబెట్టడం వాళ్ల వల్ల కాలేదు. ఆ డాక్టర్ గారు విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఉండేవారు. ఇక్కడ తీసిన బొమ్మలు నెట్‌లో ఆయనకి వెళ్లేవి, ఆయన చూసి ఫోన్లో చెప్పేవారు. ఆ పంపించే కంప్యూటర్ బాగోగులు నావి.

ఒకరోజు పొద్దున్నే అల్లుడు ఫోన్ చేశాడు.

"మేడమ్, నెట్టు సచ్చిపోనాది. ఎక్స్‌రేలు ఎల్తన్నాయి గానీ తల స్కానింగులు మాత్రం మద్దెలో ఆగిపోతన్నాయి."

నన్ను మేడమ్ అనడంలో అతనికో వెటకారం ఉండేది. "నెట్టు సచ్చిపోతే ఎక్స్‌రేలెలాగెల్తన్నాయి? సెప్పేటప్పుడు కొంచెం సూసుకుని సెప్పాల," అని నేనూ వడ్డించి, సంచీ భుజాన వేసుకుని బయల్దేరాను.

నేను వెళ్లేసరికి షావుకారు గారు ఎప్పటిలాగే కిటికీ పక్క చెక్క కుర్చీలో ఉన్నారు. ధాన్యం కొట్లో కాటా పక్కన కూర్చున్న అలవాటు. ఇక్కడా వచ్చేవాళ్లనీ పోయేవాళ్లనీ చూస్తూ కూర్చునేవారు. ఎవరినీ కసురుకునే మనిషి కాదు. పల్లెల నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లకి మంచినీళ్లు తనే ఇప్పించేవారు. ఆయనంటే నాకు ఇష్టమే. ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, ముందుకు వెళ్లాక చెప్పడం కష్టం.

చిన్న ఫైలు ఒకటి పంపి చూశాను, వెళ్లింది. ఎక్స్‌రే పంపాను, కాస్త నీల్గి అదీ వెళ్లింది. అంతకు ముందు రోజు తీసిన తల స్కానింగ్ ఒకటి సగంలో ఆగి ఉంది. దాన్ని మళ్లీ కదిలిస్తే ఉలకదు, పలకదు. తీగ మార్చాను. మోడెమ్ ఆపి మళ్లీ వేశాను. అలవాటు కొద్దీ టెలిఫోన్ వాళ్లని నాలుగు తిట్టాను గానీ ఈసారి వాళ్ల తప్పేమీ లేదు. చివరికి ఫైర్‌వాల్ ఆపేసి, ఎప్పటిదో ఒక పాత స్కానింగ్ పంపి చూశాను. అది ఏ అడ్డూ లేకుండా వెళ్లిపోయింది. ఫైర్‌వాల్ వేయగానే మళ్లీ మొదటికొచ్చింది.

ఫైర్‌వాల్ అంటే బయటి దొంగలు లోపలికి రాకుండా కంప్యూటర్ గుమ్మంలో కాపలా ఉండే సాఫ్ట్‌వేర్. అది లేకుండా రోగుల బొమ్మలు పంపకూడదని డాక్టర్ గారు ముందే షరతు పెట్టారు. కాబట్టి దాన్ని ఆపేసి చేతులు దులుపుకుని పోవడానికి లేదు. పైగా అది అక్కడ చాలాకాలంగా ఉన్నదే. ఇన్నాళ్లూ కిమ్మనకుండా ఉన్న కాపలావాడు ఇప్పుడెందుకు అడ్డం తిరిగాడు? వాడు మారకపోతే లోపల ఇంకేదో మారి ఉండాలి. అలా అనుకుంటూ నెట్ సెట్టింగులు ఒక్కొక్కటే తెరిచాను. బఫర్ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది.

ఒకటి, దాని పక్కన రెండు సున్నాలు, ఆ పక్కన నూట పదహారు.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. లక్షా నూట పదహార్లు! నేను పెట్టింది అరవై నాలుగు వేలు. మొదట వైరస్ అనుకున్నాను. కానీ ఏ దేశపు వైరస్ నూట పదహార్లు చదివిస్తుంది?

"ఏటమ్మా, అలగుండిపోనావు?" అన్నారు షావుకారు గారు కుర్చీలోంచి.

"ఈ అంకె ఎవులు మార్చినారు?"

"నానే మార్పించాను," అన్నారాయన తొణక్కుండా. "మొన్న నువ్వే సెప్పినావు గదా, ఇది ఎంత పెద్దదైతే అంత తొరగా ఎల్తాదని. ఏటి పెట్టినావో అని సూస్తే అరవై నాలుగు వేలు, ఎనకాల అన్నీ సున్నాలు. సున్నాతో ఆపేస్తే ఎలాగమ్మా? పెళ్లిలో సదివింపులైనా, గుడికి సందా అయినా, ఎనకాల నూట పదార్లుండాల. రోగులొచ్చే సోటిది. సున్నా పెట్టి కూకుంటే మంచిదేటి? అందుకే లచ్చ సేసి, పైన నూట పదార్లెయ్యమన్నాను అల్లుణ్ని."

ఇన్నేళ్లలో ఎన్నో చూశాను. కంప్యూటర్‌కి పసుపు రాసినవాళ్లని చూశాను, కీబోర్డు మధ్యలో కుంకుమ పోసి అక్షరాలు పనిచేయడం లేదని తెచ్చినవాళ్లని చూశాను. బఫర్‌కి చదివింపులు రాసినవాళ్లని మాత్రం అదే చూడటం. అల్లుడు గుమ్మంలో నిలబడి తల గోక్కుంటున్నాడు. మావగారు చెప్పారు, చేశాను అన్నట్టుంది వాలకం.

బఫర్ అంటే వచ్చిన సరుకు దించుకునే చోటు. ఒక్క విడతలో ఎంత దించుకోగలదో ప్రతి కంప్యూటర్ అవతలిదానికి ముందే చెబుతుంది. మామూలుగా చెప్పడానికి వీలయ్యే అంకె అరవై అయిదు వేల పైచిలుకు, అంతే. అంతకు మించి పెడితే రెండు కంప్యూటర్లూ ఒక ఒప్పందానికి వస్తాయి: నేను ఒకటి అంటే నువ్వు ఇన్ని రెట్లు అనుకో, అని. మా కాపలా సాఫ్ట్‌వేర్ పాతది. దానికి ఈ ఒప్పందం తెలియదు. డాక్టర్ గారి కంప్యూటర్ ఒప్పందం ప్రకారం చిన్న అంకె చెబితే, ఇది ఆ చిన్న అంకెనే నిజమనుకుని, అంతకు మించి వెళ్లే సరుకంతా గుమ్మంలోనే పారేసేది. ఎక్స్‌రే చిన్నది కాబట్టి ఎలాగో దాటిపోయేది. తల స్కానింగ్ పెద్దది, ఇరుక్కుపోయేది.

షావుకారు గారికి ఇదంతా ఎలా చెప్పను? ఆయనకి తెలిసిన దారిలోనే చెప్పాను. పశువుల సంతలో తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లు నొక్కి బేరం చేస్తారు కదా. ఒక వేలంటే వందో వెయ్యో ఆ ఇద్దరికే తెలుసు. పక్కన నిలబడినవాడికి కనిపించేది ఒక్క వేలే. మీ అంకె వల్ల ఈ రెండు కంప్యూటర్లూ తువ్వాలు కప్పుకున్నాయి, మన కాపలావాడికి ఆ బేరం తెలీదు, ఒక్క వేలంటే ఒక్కటే అనుకుని మిగతాదంతా ఆపేస్తున్నాడు, అన్నాను.

ఆయనకి వెంటనే అర్థమైంది. "ఓరి బాబో," అన్నారు. "పోనీ అరవై నాలుగు వేల నూట పదార్లు పెట్టమ్మా. అది సరిపోద్ది గదా?" అన్నారు.

నిజానికి అది సరిపోతుంది. కానీ నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంకొకపాలి ఈ కంప్యూటర్ మీద సెయ్యేస్తే నాను ఈ గుమ్మం తొక్కను," అని అరవై నాలుగు వేలే కొట్టి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. సగంలో ఇరుక్కున్న తల స్కానింగ్ కదిలింది. మిగిలిన బొమ్మలు ఒకదాని వెనక ఒకటి విశాఖపట్నం వెళ్లిపోయాయి. నేను గెలిచినదానిలా వైర్లు సర్దుకుంటున్నాను. అల్లుడు టీ తేవడానికి బయటికి వెళ్లాడు.

టీ రాకముందే డాక్టర్ గారి ఫోన్ వచ్చింది. అల్లుడు లేడని నేనే ఎత్తాను.

"నిన్నటి పేషెంట్ బొమ్మలు ఇప్పుడు పూర్తిగా వచ్చాయి. ఆ మనిషి ఎక్కడ ఉన్నాడు?"

"ఇంటికెళ్లిపోయుంటారండి. నిన్న మీరు ఏమీ లేదన్నారట కదా," అన్నాను. అల్లుడు వాళ్లకి ఆ మాట చెప్పి పంపాడని షావుకారు గారు అంతకు ముందే నాతో అన్నారు.

"ఏమీ లేదని నేనెప్పుడన్నాను? వచ్చినంతవరకు ఏమీ లేదు, మిగతావి పంపండి, అన్నాను. పై భాగం అసలు రాలేదు. ఇప్పుడు చూస్తున్నాను. పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరి ఉంది. చాలా ఉంది. మెదడు పక్కకి జరిగిపోతోంది. ఆ మనిషిని ఈ రోజే ఇక్కడికి తీసుకురావాలి. రేపటిదాకా ఆగితే నేనేమీ చెప్పలేను."

అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాను. తల స్కానింగ్ అంటే దోసకాయని చక్రాలు కోసినట్టు కింది నుంచి పైకి వరసగా తీసే బొమ్మలు. వరసలో ముందు ఉన్నవి, అంటే కింది భాగానివి, వెళ్లాయి. పైవి గుమ్మంలోనే ఉండిపోయాయి. ఆ మనిషి ప్రాణం ఆ పై బొమ్మల్లో ఉంది. నేనేమో అంతసేపూ నూట పదహార్ల గురించి లోలోపల నవ్వుకుంటున్నాను.

టీ పట్టుకుని వచ్చిన అల్లుడు సంగతి విని గోడకి ఆనుకుపోయాడు.

"వచ్చినంతవరకు అన్నారాయన. ఆ మాటెందుకు మింగేసినావు?" అని అరిచాను. మేడమ్ లేదు, మర్యాద లేదు, ఏకవచనంలోకి దిగిపోయాను.

"ఆళ్లు బయపడిపోతన్నారు," అన్నాడు. "సగం సగం మాట సెప్తే ఇంకా బయపడతారని... వచ్చినోణ్ణి అనుమానంతో పంపకూడదు, తేల్చి ఒక మాట సెప్పాలని మావయ్యే గదా అంటారెప్పుడూ."

ధాన్యం వ్యాపారంలో షావుకారు గారు జీవితమంతా పాటించిన పద్ధతే అది. బేరానికి వచ్చిన మనిషిని నానబెట్టకూడదు, అవునో కాదో తేల్చి పంపాలి. బస్తాల దగ్గర అది మంచి పద్ధతే.

ఆ మనిషి పేరుతో పాటు ఇచ్చిన ఫోన్ నంబర్‌కి చేశాను. ఎత్తింది వాళ్ల పక్కింటావిడ. వాళ్లకి ఫోన్ లేదట.

"ఆళ్లు ఇంట్లో లేరమ్మా. పొద్దున్నే రామతీర్థం ఎల్లినారు. గోగునార బండి మీంచి పడిపోనాడు గదా ఆ మద్దెన, అప్పట్నించి తలనొప్పి, తలనొప్పి అని ఒకటే గోల. స్కానింగులో ఏటీ లేకపోతే తలనీలాలిస్తానని ఆవిడ మొక్కుకున్నాది. ఏటీ లేదని మీరే సెప్పినారంట గదా?"

మీరే చెప్పారంట కదా! ఆ మాట విని ఫోన్ పెట్టేయడం కూడా మర్చిపోయాను.

షావుకారు గారు అప్పటికే లేచి నిలబడ్డారు. "కారు తియ్యి," అన్నారు అల్లుడితో. నాకేసి తిరిగి, "నువ్వూ రామ్మా. డాక్టర్ గారి మాట విన్నది నువ్వు. ఆవిడతో మాట్లాడ్డానికి ఆడకూతురు పక్కనుంటే మంచిది," అన్నారు. నేను సంచీ అక్కడే వదిలేసి కారెక్కాను.

చీపురుపల్లి దాటాం. గరివిడి దగ్గర ఒక లారీ దారి ఇవ్వకపోతే, ఎప్పుడూ గొంతు పెంచని షావుకారు గారు కిటికీలోంచి తల బయటపెట్టి బండబూతు తిట్టారు. అల్లుడూ నేనూ అదిరిపడి ఆయన్ని చూశాం. నెల్లిమర్ల వచ్చేసరికి నా బుర్రలో ఒకటే తిరుగుతోంది. ఆ మనిషి మొహం నాకు తెలియదు, జనంలో ఎలా పట్టుకోవడం? అల్లుడికి తెలుసు. కానీ గుండు చేయించుకుంటే అతనైనా గుర్తుపడతాడా?

గుర్తుపట్టాడు. కొండ మెట్ల కింద చెట్టునీడలో ఇద్దరూ కూర్చుని ఉన్నారు. ఆయన గుండు మీద చందనం ఇంకా తడి ఆరలేదు. బక్కపలచని మనిషి, మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని ఉన్నాడు. ఆవిడ ఆకులో పులిహోర పెట్టి తినమని బతిమాలుతోంది. అతని ఎడమకాలి చెప్పు జారిపోయి అంత దూరాన పడి ఉంది, తెలిసినట్టు లేదు.

అల్లుణ్ని చూసి ఆవిడ మొహం విప్పారింది. "ఓలమ్మో, స్కానింగు బాబు గదా! మీరూ దర్శనానికొచ్చినారేటి? ఇదిగో, పెసాదం తినండి బాబూ. మీ నోటి సలవ, ఏటీ లేదన్నారు." ఆకు తీసి అతని చేతికి అందించబోయింది.

అతను ఆ ఆకుని చూస్తూ నిలబడిపోయాడు. పుచ్చుకోలేదు, వద్దనలేదు.

నేనే ఆవిడ పక్కన కూర్చున్నాను. "అమ్మా, నిన్న సెప్పింది తప్పు. బొమ్మలు సగమే ఎల్లినాయి. మిగతా సగం ఇప్పుడు సూసినారు. ఈయన తల్లో రక్తం చేరుకున్నాది. ఇప్పుడే విశాఖపట్నం తీసుకెల్లిపోవాల," అన్నాను.

"ఏటీ లేదన్నారు గదా," అంది ఆవిడ. నవ్వు ఇంకా మొహం మీద అలాగే ఉంది, అది తీసేయాలని తోచలేదు కాబోలు. "మొక్కు తీర్చేసినాం గదా."

"పొద్దున్నించి ఎలాగున్నారు?"

"మెట్లెక్కలేకపోనాడు. ఎండ గదా అనుకున్నాను. పొద్దున్నే ఉపాసమున్నాడు, అందుకని నిద్రొచ్చేస్తన్నాది అనుకున్నాను." భర్త భుజం పట్టుకుని కుదిపింది. "ఇదిగో, ఇలగ సూడు. నిన్నే."

ఆయన కళ్లు తెరిచి మమ్మల్ని చూసి ఏదో అన్నాడు. ముద్దముద్దగా వచ్చిన ఆ మాట మా ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడకీ అర్థం కాలేదు. అప్పుడు చెదిరింది ఆవిడ మొహం. ఆ మొహం నేను ఈనాటికీ మర్చిపోలేదు.

షావుకారు గారు ఆ వయసులో వంగి ఆయన చంకల కింద చేతులు వేశారు. అల్లుడు కాళ్లు పట్టుకున్నాడు. కారు వెనక సీట్లో ఆయన తల ఆవిడ ఒళ్లో పెట్టి, నేను కాళ్ల దగ్గర ఇరుక్కుని కూర్చున్నాను. విజయనగరం దాటాక ఆయన పలకడం మానేశాడు. భోగాపురం దగ్గర ఒకసారి వాంతి చేసుకున్నాడు. ఆవిడ తన కొంగుతో తుడుస్తూ, ఆ నున్నటి గుండు మీద చెయ్యి తీయకుండా, ఆగకుండా ఏదో చెప్తూనే ఉంది. ఇంట్లో దూడ గురించి, కోయాల్సిన గోగు గురించి. నేను డాక్టర్ గారికి ఫోన్ చేసి ఎక్కడున్నామో చెప్తూ ఉన్నాను.

ఆసుపత్రి గుమ్మంలోనే స్ట్రెచర్ ఉంది. నర్సు ఆయన తల చూసి, "గుండు ముందే చేయించేశారా?" అని ఆశ్చర్యపోయింది. ఆపరేషన్‌కి ఎలాగూ గీయాల్సిందేనట. ఆ మాటకి ఏడవాలో నవ్వాలో తెలియక నేను గోడవైపు తిరిగాను.

పుర్రెకి రంధ్రం చేసి రక్తం తీసేశారు. లోపలి నుంచి ఆపరేషన్ చేసిన సర్జన్ వచ్చి, సమయానికి తెచ్చారు, బతుకుతాడు, అన్నారు. ఆ సాయంత్రమే ఆయన కళ్లు తెరిచాడు. భార్యని పేరు పెట్టి పిలిచాడు. ఆ పిలుపు తలుపు ఇవతల మాకూ వినిపించింది.

ఆవిడ బయటికి వచ్చి షావుకారు గారి కాళ్ల మీద పడబోయింది. "మా కోసం కొండ దాకా ఎతుక్కుంటూ వచ్చినారు. ఏ జనమలో తోడబుట్టినోరో," అంటూ ఏడ్చింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తగ్గారు. అల్లుడు నావైపు చూశాడు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు: ఇక వదిలేద్దాం, మనిషి బతికాడు కదా. నిజం చెప్పొద్దూ, నాకూ అప్పుడు అలాగే అనిపించింది.

షావుకారు గారు బెంచీ మీద కూర్చుని, ఆవిణ్ని పక్కన కూర్చోమన్నారు.

"కాళ్లు పట్టుకోకమ్మా. ఇది నా వల్లే అయినాది. ఆ కంప్యూటర్లో ఒక అంకె ఉంటాది. సున్నాతో ఉంటే మంచిది కాదని, మంచి జరగాలని, దాని మీద నూట పదార్లేయించాను. దాంతో బొమ్మలు సగంలో ఆగిపోనాయి. సగం సూసి డాక్టర్ గారు అదే సెప్పినారు. మా అల్లుడేమో మొత్తం ఏటీ లేదని మీకు సెప్పేసినాడు. మా ఇద్దరి వల్లా మీ ఆయన పోయేవోడు."

ఆవిడ తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను, కొట్టినా న్యాయమే. ఆవిడ మాత్రం కళ్లు తుడుచుకోవడం ఆపి ఆయనకేసి అలాగే చూసింది. చాలాసేపు ఏదో లెక్క తేలనట్టు చూసింది.

"ఆ అంకె ఏసినకాణ్నించి మా ఆయనొక్కడికే తీసినారేటి బాబూ?" అంది చివరికి. "మిగతావోళ్లకో?"

పొద్దున్నించీ మేం ముగ్గురం ఒకే కారులో ఉన్నాం. ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి, ఆ ఆలోచన రాలేదు. నిన్న ఆగిపోయిన స్కానింగ్ ఒక్కటే కళ్ల ముందు ఉంది కాబట్టి దాన్నే పట్టుకున్నాను. అంతకు ముందువి సగంలో ఆగిపోయి, పంపినవాటి కిందే జమ అయిపోయి ఉంటాయి. వాళ్లందరికీ అల్లుడు తేల్చి ఒకే మాట చెప్పి ఉంటాడు.

ఆసుపత్రి వరండాలోంచే సెంటర్లో స్కానింగ్ తీసే కుర్రాడికి ఫోన్ చేశాను. అంకె మార్చినప్పటి నుంచి తీసిన తల స్కానింగులన్నీ మళ్లీ మొదటి నుంచి పంపమన్నాను. బొమ్మలు చూసే డాక్టర్ గారు అదే ఆసుపత్రిలో తన గదిలో కూర్చుని వచ్చినవి వచ్చినట్టు చూడటం మొదలుపెట్టారు. షావుకారు గారు ఆ ఇళ్లకి తనే ఫోన్లు చేశారు. "మీకు సగమే సూసి మొత్తం సెప్పేసినాం. మళ్లీ సూస్తన్నారు, మీరు ఊరు దాటకండి," అని ప్రతివాళ్లతో అదే మాట. కొందరు తిట్టారు, కొందరు సరే బాబూ అన్నారు. డాక్టర్ గారు ఒక్కొక్కటీ చూసి ఫరవాలేదు అంటున్నకొద్దీ నాకు ఊపిరి తేలికపడుతూ వచ్చింది.

ఒక ఇంట్లో ఫోన్ ఎత్తినవాడు అంతా విని, "ఎవులికి బాబూ మళ్లీ సూస్తారు? మా అమ్మ నిన్ననే పోనాది," అన్నాడు.

షావుకారు గారు ఎలా పోయిందని అడిగారు. నూతి దగ్గర గచ్చు పళ్లెం మీద జారిపడిందట ఆ ముసలావిడ. స్కానింగ్ తీశారు, ఏమీ లేదన్నారు, ఇంటికి తీసుకెళ్లిపోయారు.

"ఆవిడ బొమ్మలు కూడా డాక్టర్ గారికి చూపించమంటారా?" అని అడిగాను. చూపించకపోతే ఆ పై సగంలో ఏముందో ఎవరికీ తెలియదు. "సూపించమ్మా," అన్నారాయన.

డాక్టర్ గారు వాటిని చూసి గదిలోంచి బయటికి వచ్చారు. ఆయన నోరు తెరవకముందే మాకు తెలిసిపోయింది. "ఉంది," అన్నారు. "పై సగంలోనే ఉంది."

మర్నాడు రాజాం తిరిగి వస్తుంటే అల్లుడు ఒక్కసారే నోరు విప్పాడు. "పై సగంలో రక్తముందని ఆళ్లకి తెల్దు మావయ్యా. ముసలిది పడిపోనాది, పోనాది అనుకుంటన్నారు. మనం ఎల్లి సెప్తే దుక్కం ఎక్కువవడం తప్ప ఏటుంటాది?"

"ఆ ఊరికి పోనీ," అన్నారు షావుకారు గారు.

వాళ్లింటి ముందు షామియానా ఇంకా తీయలేదు. వీధిలో కుర్చీలు ఉన్నాయి. ఆయన చెప్పులు కారు దగ్గరే విడిచి, ఒక్కరే నడుచుకుంటూ లోపలికి వెళ్లారు. వెనకే వెళ్దామనుకున్నాను గానీ కారు దగ్గరే ఉండిపోయాను. తలుపు తీసే ఉంది. లోపల ఏడుస్తున్న ఆడవాళ్లు ఎవరో పెద్దమనిషి వచ్చాడని ఒక్కసారి ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దంలో ఆయన మాట వీధిలోకి స్పష్టంగా వినిపించింది.

"అమ్మా, నాను మంచికేనని ఒక అంకె మార్పించాను."